హెడ్‌ఫోనుకు 17 మిల్లీవాట్లు చాలు: వాల్వు యాంప్లిఫయరు కట్టే ముందు వేసుకోవలసిన లెక్కలు

వాల్వు యాంప్లిఫయరు సొంతంగా కట్టుకోవాలని సరదాపడే ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే: ఏ వాల్వు కొనాలి? నన్నడిగితే అది నాలుగో ప్రశ్నో ఐదో ప్రశ్నో కావాలి. లెక్క చెవి దగ్గర మొదలవ్వాలి. మన హెడ్‌ఫోను ఎన్ని వోల్టులు అడుగుతోంది, ఎన్ని మిల్లీయాంపియర్లు లాగుతోంది? ఈ రెండంకెలు తేలితే ఏ వాల్వు, ఎంత సప్లయ్, ఎంత హీట్‌సింకు అన్నవి వాటి వెనకే తేలిపోతాయి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 650నే తీసుకుందాం. ఇంపెడెన్సు 300 ఓంలు. ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెళ్ల శబ్దం ఇస్తుందని కంపెనీ చెబుతుంది. పాట సాగినంతసేపూ కాదుగానీ, మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డ ఆ లిప్తకాలం 110 డెసిబెళ్లు అందాలనుకుందాం. ఇంకా 7 డెసిబెళ్లు కావాలన్నమాట. వోల్టేజీ రెట్టింపైతే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. కాబట్టి 7 డెసిబెళ్లంటే 2.24 రెట్లు. అంటే 2.24 వోల్టులు. దాన్ని 300తో భాగిస్తే 7.5 మిల్లీయాంపియర్లు. రెండింటినీ గుణిస్తే 16.7 మిల్లీవాట్లు.

ఇప్పుడు 32 ఓంల హెడ్‌ఫోను ఒకటి చూద్దాం. ఒక మిల్లీవాటుకు 98 డెసిబెళ్లు ఇచ్చే రకం. 110కి చేరాలంటే 12 డెసిబెళ్లు పెరగాలి, అంటే దాదాపు 16 మిల్లీవాట్లు. పవరు అదే. కానీ ఆ పవరులో వోల్టేజీ వాటా 0.71 వోల్టులే, కరెంటు మాత్రం 22 మిల్లీయాంపియర్లు. సైను తరంగం కొస దగ్గర చూస్తే కరెంటు 31కి చేరుతుంది. 300 ఓంల దానికి కొస దగ్గర కూడా 10.5 దాటదు.

పవరు ఒకటే అయినా ఒకటి వోల్టులు అడుగుతోంది, రెండోది కరెంటు అడుగుతోంది. వాల్వు హెడ్‌ఫోను యాంప్ డిజైన్లన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

(110 అన్నది లెక్క కోసం పెట్టుకున్న పైహద్దు మాత్రమే. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల వినికిడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 80 డెసిబెళ్లు. 80 దగ్గర హెచ్‌డీ 650 తాగే పవరు 17 మైక్రోవాట్లు. అవును, మైక్రోవాట్లే.)

మాట చెబుతుంది, మూట మొయ్యదు

కొత్తవాళ్ల చేతికి ముందుగా వచ్చే వాల్వు 12ఏయూ7. యూరప్‌లో దీని పేరు ఈసీసీ82. పేర్లలోనే సగం వివరం ఉంది. 12 అంటే హీటరు వోల్టేజీ, కచ్చితంగా చెప్పాలంటే 12.6. యూరప్ పేరులోని ఈ అక్షరం 6.3 వోల్టుల హీటరని, రెండు సీలు లోపల రెండు ట్రయోడులున్నాయని, 8 అంకె తొమ్మిది కాళ్ల నోవాల్ బేస్ అని చెబుతాయి. 12.6, 6.3 రెండూ నిజమే. హీటరు మధ్యలోంచి ఒక తీగ బయటికి వస్తుంది కాబట్టి రెండు రకాలుగానూ కలుపుకోవచ్చు. స్టీరియోకు రెండు ట్రయోడులు కావాలి, ఒక్క గాజు బుడ్డిలోనే ఆ రెండూ దొరుకుతున్నాయి.

ఒకప్పుడు మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా రేడియో వాల్వులు తయారుచేసింది. ఇప్పుడు కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ఈ రకానికి కరువు లేదు.

దీని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టరు 17 నుంచి 20. వోల్టేజీ పెంచడంలో సమర్థురాలే. కరెంటు దగ్గరికొచ్చేసరికి తేలిపోతుంది. 250 వోల్టుల ప్లేటు మీద కూడా సాధారణంగా నడిచేది 10 మిల్లీయాంపియర్ల దగ్గర. పైన వేసిన లెక్కలో 300 ఓంల హెడ్‌ఫోనే 10.5 అడిగింది, ఇక 31 అడిగేదాని సంగతి చెప్పేదేముంది! దీన్ని కాథోడ్ ఫాలోయరుగా (వోల్టేజీ పెంచకుండా కాథోడు నుంచి కరెంటు మాత్రం ఇచ్చేలా) వాడినా లోపలి నిరోధం 430 ఓంల దాకా ఉంటుంది (ప్లేటు నిరోధం 7,700ని 18తో భాగించి చూడండి). దానికి 32 ఓంల హెడ్‌ఫోను తగిలిస్తే వచ్చిన వోల్టేజీలో నూటికి 7 వంతులే చెవికి చేరుతుంది, మిగతా 93 వాల్వులోనే ఆవిరి. వాల్వు మాట చెప్పగలదు గానీ మూట మొయ్యలేదు.

మోసే మనిషిని ఎక్కణ్ణుంచి తేవాలి? దారులు మూడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి. మంచిది చుట్టించాలంటే ఖర్చూ ఎక్కువ, చుట్టేవాళ్లూ తక్కువ. మొదటి ప్రయత్నానికి దాన్ని పక్కన పెట్టేద్దాం.

రెండో దారి ఒళ్లున్న వాల్వు. 6ఏఎస్7, దాని తమ్ముడు 6080 అసలు పుట్టింది పవర్ సప్లయ్‌లలో రెగ్యులేటరు పనికి. ప్లేటు నిరోధం 280 ఓంలే, ఫాలోయరుగా పెడితే 90 ఓంల దగ్గరికి దిగుతుంది. అమెరికాలో బాటిల్‌హెడ్ అనే సంస్థ అమ్మే క్రాక్ కిట్టు ఈ దారిదే. ముందు 12ఏయూ7, వెనక 6080. 300 ఓంల హెడ్‌ఫోన్లతో దానికి మంచి పేరుంది. ఆ 90 ఓంల వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది. హెచ్‌డీ 650 ఇంపెడెన్సు అన్ని స్వరాల దగ్గరా 300 కాదు. కింది స్థాయిలో, 100 హెర్ట్‌జ్ పరిసరాల్లో, దాదాపు 500 దాకా లేస్తుంది. 90 ఓంల సోర్సు నుంచి వచ్చినప్పుడు అక్కడ శబ్దం ఒక డెసిబెల్‌కు కాస్త తక్కువగా పెరుగుతుంది. "వాల్వు బేస్ భలే వెచ్చగా ఉంది" అనే మెచ్చుకోలులో కొంత భాగం ఈ భాగహారానిదే. అయితే 6080 హీటరు ఒక్కటే 2.5 యాంపియర్లు లాగుతుంది, 6.3 వోల్టుల దగ్గర దాదాపు 16 వాట్లు. పైగా ప్లేటు సప్లయ్ వందకు పైమాటే.

ఇక్కడే కొత్తవాళ్లు ఆగి ఆలోచించాలి. మన గోడ ప్లగ్గులో 230 వోల్టులు. రెక్టిఫై చేసి కెపాసిటర్‌లో నింపితే 325. ట్రాన్స్‌ఫార్మరుతో దాన్ని 170కి దించుకున్నా, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో నిలిచే శక్తి 3 జౌళ్లు పైనే. స్విచ్చి కట్టేశాక కూడా అది అక్కడే కూర్చుంటుంది. దానికి అడ్డంగా లక్ష ఓంల బ్లీడరు రెసిస్టరు పెడితే ఖాళీ కావడానికి రెండు నిమిషాలు పడుతుంది. బ్లీడరు లేకపోతే ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. "ఇంట్లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందిగా" అనే ధీమా ఇక్కడ చెల్లదు. ఆ పరికరం మెయిన్స్ వైపు లీకయ్యే కరెంటును చూస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దాటాక సెకండరీ వైపు మన వేలు తగిలితే దానికి కబురే అందదు. డీసీలో 60 వోల్టుల లోపును తక్కువ ప్రమాదమున్నదిగా ప్రమాణాలు లెక్కిస్తాయి. మొదటి యాంప్ ఆ గీత లోపలే కట్టాలని నా పట్టు. దీనిమీద బేరం లేదు.

అందుకే మూడో దారి. వోల్టేజీ పెంచే పని వాల్వుకు, కరెంటు మోసే పని మాస్‌ఫెట్‌కు. హైబ్రిడ్ అంటారు. 12ఏయూ7 వెనక ఐఆర్‌ఎఫ్510 పెట్టిన చిన్న సర్క్యూట్ ప్రపంచమంతటా కొత్తవాళ్లు కట్టుకుంటున్నదే. ఐఆర్‌ఎఫ్510 ఒక స్విచ్చింగ్ ట్రాన్సిస్టరు. 5.6 యాంపియర్లు మొయ్యగల దానికి 31 మిల్లీయాంపియర్లు గాలిలో తేలినంత బరువు. ఫాలోయరుగా దాని అవుట్‌పుట్ నిరోధం కొద్ది ఓంలే.

పన్నెండా, ఇరవై నాలుగా?

చాలా డిజైన్లు 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తాయి, కారు బ్యాటరీతోనైనా నడుస్తాయి. నేను మాత్రం 24 అంటాను. ఎందుకో చూడండి.

మాస్‌ఫెట్ సోర్సు కాలి కింద ఎల్‌ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటరును స్థిర కరెంటు సోర్సుగా పెడతాం. దాని రెండు కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉంటాయి. అక్కడ 10 ఓంల రెసిస్టరు పెడితే 125 మిల్లీయాంపియర్లు. మనకు కావలసిన 31కి నాలుగు రెట్లు, క్లాస్ ఏ (కరెంటు ఎప్పుడూ పూర్తిగా ఆగని పద్ధతి) నుంచి బయటికి పోయే సమస్యే లేదు. కానీ ఎల్‌ఎం317 ఊరికే పనిచెయ్యదు. తన కోసం 3 వోల్టులు, రెసిస్టరు కోసం 1.25, మొత్తం 4.25 వోల్టులు మిగల్చాలి. సప్లయ్ 12 అయితే సోర్సు మధ్యలో, అంటే 6 దగ్గర కూర్చుంటుంది. కిందికి ఊగడానికి మిగిలేది 1.75 వోల్టులు. 32 ఓంల హెడ్‌ఫోనుకు కొస దగ్గర ఒక వోల్టు చాలు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. 300 ఓంల దానికి 3.16 కావాలి. 12 సరిపోదు. 24 పెడితే సోర్సు 12 దగ్గర, ఊగడానికి 7.75. రెండు హెడ్‌ఫోన్లకూ ధారాళం.

వేడి మాటేమిటి? మాస్‌ఫెట్ మీద 12 వోల్టులు, 125 మిల్లీయాంపియర్లు: 1.5 వాట్లు. ఎల్‌ఎం317 మీద కూడా ఇంచుమించు అంతే. హీట్‌సింకు లేకుండా ఈ సైజు ప్యాకేజీ వాటుకు 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 1.5 వాట్లకు 90 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో గది 42 డిగ్రీలుంటే మొత్తం 132. ఎల్‌ఎం317 హద్దు 125. డిసెంబరులో కట్టి బాగుందనుకున్న యాంప్ వేసవిలో తనంతట తాను ఆగిపోవడానికి కారణం ఇదే కావచ్చు. వాటుకు 15 డిగ్రీల హీట్‌సింకు తగిలిస్తే, లోపలి నిరోధంతో కలిపి వాటుకు 20 అనుకున్నా, 30 డిగ్రీలే పెరుగుతుంది. మొత్తం 72. నిశ్చింత. మాస్‌ఫెట్ ట్యాబు డ్రెయిన్‌కు కలిసి ఉంటుందని మాత్రం మరవకండి. ఒకే హీట్‌సింకు మీద నాలుగింటినీ బిగిస్తే మైకా ముక్క లేకుండా బిగించొద్దు.

రెండు చానళ్లకు 6 వాట్లు, హీటరుకు 3.5, మొత్తం 9.5 వాట్లు లాగి, పైహద్దు దగ్గర చెవులకు ఇచ్చేది 33 మిల్లీవాట్లు. నూటికి మూడోవంతు వాటు. పొదుపు కోసం ఎవరూ వాల్వు యాంప్ కట్టరు లెండి. కరెంటు 0.4 యాంపియర్లు కాబట్టి 24 వోల్టుల, ఒక యాంపియరు అడాప్టరు రెట్టింపు కంటే ఎక్కువే.

హీటరు, కాళ్ల అంకెలు

హీటరుకు 12.6 వోల్టులు, 150 మిల్లీయాంపియర్లు కావాలి. సప్లయ్ 24. మిగిలిన 11.4 వోల్టుల్ని ఒక రెసిస్టరు మింగాలి. 11.4ని 0.15తో భాగిస్తే 76 ఓంలు. కోఠి గుజరాతీ గల్లీలో 76 ఓంలు అడిగితే కొట్టువాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు. బజారులో దొరికే వరసలో దగ్గరిది 82. దాంతో హీటరుకు 12.1 వోల్టులు అందుతాయి, 4 శాతం తక్కువ. 10 శాతం అటూఇటూ పరవాలేదు కాబట్టి బాగానే ఉంది. ఈ రెసిస్టరు 1.7 వాట్లు మింగుతుంది. 2 వాట్లది పెట్టకండి, 5 వాట్ల సిమెంటు రకం తీసుకుని బోర్డుకు కాస్త ఎత్తున నిలబెట్టండి, లేకపోతే కింద బోర్డు నల్లబడుతుంది. ఇంకో లాభం: చల్లగా ఉన్నప్పుడు హీటరు నిరోధం చాలా తక్కువ. స్విచ్చి వెయ్యగానే దూసుకొచ్చే కరెంటును ఈ 82 ఓంలే పట్టి ఆపుతాయి.

సాకెట్‌ను అడుగు వైపు నుంచి చూస్తూ, ఖాళీ ఉన్నచోట మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో 1 నుంచి 9 దాకా లెక్కపెట్టాలి. హీటరు 4, 5. మధ్య తీగ 9, మనకు దానితో పనిలేదు. ఒక ట్రయోడు ప్లేటు, గ్రిడ్, కాథోడు 1, 2, 3. రెండోదానివి 6, 7, 8. పైనుంచి చూసి లెక్కపెడితే అంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. 6డీజే8, అంటే ఈసీసీ88, కూడా ఇదే సాకెట్‌లో దూరుతుంది. ప్లేటు, గ్రిడ్, కాథోడుల అంకెలు కూడా ఇవే. "ఇంకా మంచి వాల్వు, మార్చి చూడు" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దాని హీటరు 4, 5 మధ్య 6.3 వోల్టులది, 365 మిల్లీయాంపియర్లు తాగుతుంది. తొమ్మిదో కాలు వట్టి షీల్డు. 12 వోల్టుల సప్లయ్‌ను నేరుగా హీటరుకిచ్చే యాంపుల్లో దాన్ని గుచ్చితే రెట్టింపు వోల్టేజీ మీద పడి హీటరు మాడిపోతుంది. మన 82 ఓంల సర్క్యూట్‌లోనైతే చాలినంత కరెంటు అందక సరిగా వెలగదు. రెండూ వద్దు.

కెపాసిటర్లు, ఒకే సూత్రం

మాస్‌ఫెట్ సోర్సు 12 వోల్టుల మీద కూర్చుంది కాబట్టి దాన్ని నేరుగా హెడ్‌ఫోనుకు కలపకూడదు. మధ్యలో కెపాసిటర్ ఉండాలి. ఎంత విలువ? ఒకటిని 6.28తో, నిరోధంతో, కెపాసిటెన్సుతో భాగిస్తే శబ్దం ఎక్కడ తగ్గడం మొదలవుతుందో తెలుస్తుంది. 32 ఓంలకు 100 మైక్రోఫారడ్ పెడితే 50 హెర్ట్‌జ్, డోలు దెబ్బ పలచబడిపోతుంది. 470 పెడితే 10.6 హెర్ట్‌జ్, సరిపోతుంది. అదే 300 ఓంల హెడ్‌ఫోనుకు 100 చాలు. రెండూ వాడేవాళ్లు 470 పెట్టుకోండి, 35 వోల్టులది, ప్లస్ గుర్తు మాస్‌ఫెట్ వైపు. వాల్వు ప్లేటుకూ మాస్‌ఫెట్ గేటుకూ మధ్య కూడా ఒక కెపాసిటర్ ఉంటుంది. అక్కడి నిరోధం 470 వేల ఓంలు కాబట్టి 0.22 మైక్రోఫారడ్ ఫిల్మ్ ముక్కతోనే 1.5 హెర్ట్‌జ్‌కు చేరుకుంటాం. సూత్రం ఒకటే, విలువలు రెండు వేల రెట్ల తేడా.

అడాప్టరు గోల వాల్వును చేరకుండా ఆపడం కూడా ఈ సూత్రంతోనే. 24 వోల్టుల దగ్గర రెండు ట్రయోడులూ కలిపి ఒక మిల్లీయాంపియరు లాగితే ఎక్కువ. అంత తక్కువ కరెంటు దారిలో వెయ్యి ఓంలు పెట్టినా పోయేది ఒక్క వోల్టే. దాని వెనక 470 మైక్రోఫారడ్ పెడితే 100 హెర్ట్‌జ్ గోల దాదాపు 300 వంతుకు పడిపోతుంది. మాస్‌ఫెట్ వైపు ఈ పప్పులు ఉడకవు. అక్కడ పావు యాంపియరు పారుతోంది, వెయ్యి ఓంలు పెడితే వోల్టులే మిగలవు.

గేటు దగ్గర 220 ఓంల రెసిస్టరు ఒకటి, కాలికి ఆనించినంత దగ్గరగా. అది లేకపోతే మాస్‌ఫెట్ చెవికి వినపడని రేడియో తరంగాల్లో ఊగడం మొదలెట్టి, ఏ పాటా లేకుండానే వేడెక్కుతుంది. గేటుకూ సోర్సుకూ మధ్య 20 వోల్టులు దాటకూడదు కాబట్టి 12 వోల్టుల జీనరు కూడా పెట్టండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

వాల్వు గుచ్చకండి, హెడ్‌ఫోను తగిలించకండి. మల్టీమీటరు నల్ల కొన గ్రౌండుకు కలిపి ఉంచి, ఒక్క చేత్తో ఎర్ర కొన తిప్పండి. సప్లయ్ 24 రావాలి. తర్వాత 10 ఓంల రెసిస్టరు రెండు చివర్ల మధ్య కొలిస్తే 1.25 వోల్టులు. అది వచ్చిందంటే 125 మిల్లీయాంపియర్లు పారుతున్నాయి. గేటు వోల్టేజీని పెట్టే ట్రిమ్‌పాట్ తిప్పుతూ సోర్సును 12కి తెండి. అప్పుడు గేటు 16 దగ్గర కనిపిస్తే కంగారుపడొద్దు, ఈ మాస్‌ఫెట్ తెరుచుకోవడానికి గేటు సోర్సు కంటే 4 వోల్టుల దాకా పైన ఉండాలి.

ఆపేసి వాల్వు గుచ్చి మళ్లీ వెయ్యండి. అర నిమిషంలో లోపల కాషాయం రంగు వెలుగు. 4, 5 కాళ్ల మధ్య 12కి అటూఇటూ. ప్లేటు దగ్గర 12 వోల్టుల చుట్టుపక్కల కనిపిస్తే అంతా సవ్యం. సప్లయ్‌కూ ప్లేటుకూ మధ్య ఉండే లోడు రెసిస్టరు 22 వేల ఓంలైతే దాని మీద 11 వోల్టులు పడుతున్నాయి, అంటే అర మిల్లీయాంపియరు. ప్లేటు 23 దాటి చూపిస్తే వాల్వులో కరెంటు పారడం లేదు, కాళ్ల అంకెలు మళ్లీ లెక్కపెట్టుకోండి. ప్లేటు 2, 3 వోల్టులే చూపిస్తే లోడు మరీ ఎక్కువైంది, తగ్గించండి. తక్కువ వోల్టేజీలో వాల్వుకూ వాల్వుకూ తేడా బాగా కనిపిస్తుంది. అందుకే లోడు దగ్గర కూడా ట్రిమ్‌పాట్ పెట్టుకునేవాళ్లు ఎక్కువ.

అవుట్‌పుట్ జాక్ దగ్గర వెయ్యి ఓంల రెసిస్టరు గ్రౌండుకు కలిపి ఉండాలి. 470 మైక్రోఫారడ్ దాని ద్వారా రెండున్నర సెకన్లలో నిండుతుంది. ఒక నిమిషం ఆగి జాక్ దగ్గర డీసీ కొలవండి, 20 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. మొదట తగిలించేది పాత ఇయర్‌ఫోను.

హమ్మింగ్ వస్తే అది ఏ స్వరంలో ఉందో వినండి. మన మెయిన్స్ 50 హెర్ట్‌జ్. బరువుగా 50 దగ్గర వినిపిస్తే గ్రౌండ్ తీగలు రింగులా చుట్టుకున్నాయేమో, వాల్యూమ్ కంట్రోల్‌కు పోయే తీగకు షీల్డు లేదేమో చూడండి. దానికి పైస్థాయి స్వరంలో, 100 దగ్గర, కాస్త బుర్రుమంటూ ఉంటే అది రెక్టిఫయరు దాటి వచ్చింది, సప్లయ్ ఫిల్టరు చాల్లేదన్నమాట. ముందే చెవితో తేల్చుకుంటే సగం సోల్డరింగ్ తప్పుతుంది.

ఇంతా చేసి, ఎలక్ట్రానిక్స్ లెక్కల్లో ఈ వాల్వు అవసరమేనా? ఫోనుకు తగిలించే డాంగిల్ చాలావరకు ఒక వోల్టు ఇస్తుంది, సీడీ ప్లేయరు రెండు. 32 ఓంల హెడ్‌ఫోనుకు కావలసింది 0.71. పెంచడం అటుంచి తగ్గించాలి. 300 ఓంల దానికీ రెండుంబావు రెట్లు చాలు, వాల్వు అంతకంటే ఎక్కువే ఇస్తుంది. అందుకే ఈ యాంపుల్లో వాల్యూమ్ ఎప్పుడూ తొమ్మిది గంటల దగ్గరే ఉంటుంది, చవక కంట్రోళ్లలో ఎడమ కుడి చెవుల తేడా బయటపడేదీ అక్కడే. వాల్యూమ్ కంట్రోల్ ముందు ఒక రెసిస్టరు పెట్టి వచ్చిన సిగ్నల్‌ను మూడోవంతు చేస్తే కంట్రోల్ నడిమికి వస్తుంది. కొలతల్లో గెలవాలంటే పదుల రూపాయల ఆపాంప్ ఈ సర్క్యూట్‌ను సునాయాసంగా ఓడిస్తుంది. వాల్వు ఇచ్చేది కాస్త రెండో హార్మోనిక్. 440 హెర్ట్‌జ్ స్వరం పాడితే దాని వెనకే సన్నగా 880, అదే స్వరం పైస్థాయిలో. సంగీతంలో ఇముడుతుంది కాబట్టి చెవి దాన్ని తప్పుగా పట్టుకోదు. మూడోది 1,320, 440ని షడ్జం అనుకుంటే పైస్థాయి పంచమం. ఆ తర్వాతవి పెరిగేకొద్దీ గరగర. 24 వోల్టుల దగ్గర ప్లేటు వోల్టేజీని ఒక వోల్టు అటూ ఇటూ జరిపితే ఈ పాళ్లు మారతాయి. ట్రిమ్‌పాట్ చేతిలో ఉంది కదా, బాలమురళి రికార్డింగు ఒకటి పెట్టుకుని, తంబుర వినిపిస్తున్నంతసేపు తిప్పి చూడండి.